ఆమోదిత కేకలు

రోలర్ కోస్టర్ ఎక్కి తలకిందులైన మనిషి ఏ భాషలో కేక వెయ్యాలి అన్న ప్రశ్న ప్రభుత్వానికి రాకపోయి ఉంటే, నేను ఈపాటికి రాజమండ్రిలో ఏదో డిగ్రీ కాలేజీలో ఛందస్సు చెప్పుకుంటూ, నిద్రపోతున్న పిల్లల్ని లేపకుండా జాగ్రత్తగా పాఠం ముగించుకుంటూ, గౌరవంగా బతుకుతూ ఉండేవాణ్ని.

నా పేరు సాంబమూర్తి. తెలుగు అధ్యాపకుణ్ని. పొద్దున్న ఎనిమిది గంటల క్లాసు తప్పించుకునే మార్గం వెతుకుతుండగా, రాష్ట్ర వినోద విహార సంస్థ వారికి ఒక భాషాధికారి కావాలని తెలిసింది. డెప్యుటేషన్ మీద వెళ్లిపోయాను. రాజానగరం దాటాక హైవే పక్కన ఆ సంస్థకు పెద్ద పార్కు ఉంది. నీళ్ల జారుడుబల్లలు, రంగులరాట్నాలు, దెయ్యాల కొంప, వీటన్నిటి నెత్తి మీద ఉక్కు రోలర్ కోస్టర్. గొలుసు తకతకలాడుతూ బండిని తాటిచెట్లను మించిన ఎత్తుకు లాగుతుంది. శిఖరం మీద ఆగినట్టే ఆగి కిందికి వదిలేస్తుంది. ఆ ఊపులో బండి నిలువుగా నిలబెట్టిన ఉక్కు వలయంలో దూరి, లోపల ఉన్నవాళ్లను పూర్తిగా తలకిందులు చేసి, ఏమీ ఎరగనట్టు బయటికి వస్తుంది.

దాన్ని నేను రోజూ చూసేవాణ్ని. ఎక్కలేదు. అటక మీద ఊరగాయ జాడీ దించమంటే పక్కింటివాళ్లను పిలిచే మనిషిని.

నా పని పార్కులోని బోర్డులను తెలుగు చెయ్యడం. మొదటి వారంలోనే 'రెస్ట్ రూమ్' అన్నదాన్ని 'విశ్రాంతి మందిరం' చేశాను. మర్నాటి నుంచి పెద్దవాళ్లు తువ్వాళ్లు పరుచుకుని లోపల పడుకోవడం మొదలుపెట్టారు. అవసరం మీద వచ్చినవాళ్లు వాళ్లను లేపలేక, బయట నిలబడి నన్ను తిట్టుకున్నారు. డైరెక్టరు గది తలుపు మీద 'సంచాలకులు' అని రాయించాను. దానికి మాత్రం మెచ్చుకోలు వచ్చింది.

ఆ సంచాలకుల పేరు సనపల విద్యాధరరావు గారు. అంతకుముందు మత్స్యశాఖలో పనిచేశారు. చేపలకు ఉపన్యాసాలు ఇచ్చే అవకాశం లేక పోగుపడిన వాగ్ధాటి అంతా మా మీద వెళ్లబోసేవారు. ఆయన ఏ చిన్న మాట చెప్పినా ముందు "ఇది చారిత్రక ఘట్టం" అనేవారు. పార్కులో కొత్త చెత్తబుట్టలు పెట్టిన రోజు కూడా చారిత్రక ఘట్టమే.

అలాంటి రోజుల్లో భాషా పరిరక్షణ మండలి అధ్యక్షులు మా పార్కు చూడడానికి వచ్చారు. ఉక్కు వలయం కింద నిలబడి తలెత్తారు. పైనుంచి వరసగా "ఓ మై గాడ్", "వావ్", "మమ్మీ" అని వినబడ్డాయి. చివరి పెట్టెలోంచి ఒక కుర్రాడు ఇంకో మాట కూడా అన్నాడు. అదేమిటని అధ్యక్షులు అడిగితే, మా డైరెక్టరుగారు తడుముకోకుండా "విస్మయార్థకం" అన్నారు.

అధ్యక్షుల మొహం నల్లబడింది. సందర్శకుల పుస్తకంలో ఒకే వాక్యం రాసి వెళ్లిపోయారు: "తెలుగువాడు తలకిందులైనా తెలుగు మరవరాదు."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. 'యానసమయమున సందర్శకుల కంఠముల నుండి వెలువడు సమస్త ధ్వనులును రాజభాషలో ఉండునట్లు సత్వర చర్యలు గైకొనవలయును.' డైరెక్టరుగారు నన్ను పిలిచి ఆ కాగితం చూపించారు.

"సాంబమూర్తి గారూ, ఇది చారిత్రక ఘట్టం. సందర్శకుడికి భయం కలుగుట అతని హక్కు. ఆ భయం ఏ భాషలో వ్యక్తమగుట అన్నది మన బాధ్యత. ఏమంటారు?"

కేక అనేది ఆలోచించి వేసేది కాదు కదండీ అని నేను అనలేదు. అని ఉంటే అక్కడితో పోయేది. "చిత్తం, ఒక ఆమోదిత కేకల జాబితా తయారు చేద్దామండి" అన్నాను. ఆ మాట ఆయన అడగలేదు. నా అంతట నేనే అన్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడ మాణిక్యాంబ దొండకాయలు తరుగుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"నీకు హఠాత్తుగా భయమేస్తే ఏమంటావు?"

"నిన్న బల్లి మీద పడినప్పుడు ఏవన్నానో అదే."

"ఏమన్నావు?"

"చీ, నీ బతుకు చెడ, అన్నాను."

"బల్లినేనా?"

"మీరూ అక్కడే ఉన్నారుగా" అని దొండకాయల గిన్నె తీసుకుని లేచింది.

ఇలాంటి ముడిసరుకుతో లాభం లేదనుకుని ఇద్దరు రిటైరైన పండితులను కమిటీలో వేయించాను. ఒకాయన వ్యాకరణం, ఇంకొకాయన నిఘంటువులు. పార్కు సమావేశ మందిరంలో, బయట దెయ్యాల కొంప లోంచి పకపకలు వినిపిస్తుండగా, ముగ్గురం కేకల మీద కూర్చున్నాం.

'బాబోయ్' మొదటే పోయింది. బాబు అన్న మాట మనది కాదని నిఘంటువులాయన అన్నారు. 'దేవుడా' అంటే ఏ దేవుడో స్పష్టం లేదు, స్పష్టం చేస్తే ఇంకా చిక్కు. 'అయ్యో' దుఃఖవాచకం, టిక్కెట్టు కొనుక్కుని సంతోషించడానికి వచ్చినవాడు దుఃఖపడితే సంస్థకు అప్రతిష్ఠ. 'వామ్మో', 'ఓర్నాయనో' మాండలికాలు, ఒక జిల్లావి తీసుకుంటే ఇంకో జిల్లా వాళ్లు ధర్నా చేస్తారు. 'చచ్చాను' దగ్గర వ్యాకరణం ఆయన చాలాసేపు ఆలోచించారు.

"భూతకాలం కదండీ. చావకుండానే చచ్చాననడం అసత్యం. ప్రభుత్వ ఆవరణలో అసత్యాన్ని ఎలా ప్రోత్సహిస్తాం?"

చివరికి మిగిలినవి ఇవి. బండి పైకి ఎక్కేటప్పుడు 'ఔరా'. కిందికి దూకేటప్పుడు ఆశ్చర్యానికి 'అక్కజము'. వలయంలో తలకిందులైనప్పుడు 'కావుము, కావుము'. ఏదైనా ఇబ్బంది కలిగి బండి ఆపాలంటే ఏం అనాలన్నది మాత్రం మూడు సమావేశాలు తిన్నది. 'ఆపండి' అంటే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కాని అది ఆజ్ఞార్థకం. పౌరుడు ప్రభుత్వాన్ని ఆజ్ఞాపించడం ఏమిటి? మొదటి చిత్తుప్రతిలో 'స్తంభింపజేయ ప్రార్థన' అనుకున్నాం. రెండోదాంట్లో 'నిరోధింప విన్నపము'. మూడోదాంట్లో రెండు మాటలూ మార్చి, ముందు ఇంకో రెండు చేర్చి, ముగ్గురం సంతకాలు పెట్టి, కాఫీ తాగి విడిపోయాం.

జాబితా అమల్లోకి వచ్చింది. రోలర్ కోస్టర్ క్యూ పక్కన రేకుల షెడ్డు వేసి 'కేకల శిక్షణశాల' అని పేరు పెట్టారు. టిక్కెట్టు కొన్నవాళ్లు ముందు అందులో కూర్చోవాలి. నేను 'ఔరా' అంటే వాళ్లు 'ఔరా' అనాలి. చివర్లో ఒక్కొక్కరినీ లేపి అడిగేవాణ్ని. తప్పినవాళ్లకు రంగులరాట్నం. ఒకసారి కొత్తగా పెళ్లైన జంట వస్తే మొగుడు పాసై పెళ్లాం తప్పింది. అతను ఒక్కడే బండి ఎక్కి 'కావుము' అంటుంటే, ఆ అమ్మాయి కింద అతని చెప్పులు పట్టుకుని నిలబడింది. దించాక ఇద్దరూ మాట్లాడుకోకుండా వెళ్లిపోయారు.

బండి పెట్టెలకు మైకులు, పార్కులో వాటికి స్పీకర్లు బిగించారు. ప్రతి ప్రయాణంలోని కేకలూ రికార్డై నేరుగా భాషా పరిరక్షణ మండలికి వెళ్లేవి. అక్కడినుంచి ఒక ఆక్షేపణ వచ్చింది. వలయంలో ఎవరూ 'కావుము' పూర్తిగా అనడం లేదు. 'కావు' అనేసరికే బండి బయటికి వచ్చేస్తోంది. 'కావు' అంటే 'అవి కావు' అన్న వ్యతిరేకార్థం కూడా వస్తుంది కనుక తగు చర్య తీసుకోవాలి.

డైరెక్టరుగారు బండి తయారుచేసిన విదేశీ కంపెనీకి లేఖ రాయించారు, 'మకారము వెలువడు వరకు' వలయంలో వేగం తగ్గించమని. వేగం తగ్గితే బండి పైనుంచి ఊడిపడుతుందని వాళ్లు జవాబిచ్చారు. ఆ జవాబు మీద డైరెక్టరుగారు పచ్చ సిరాతో 'పరిశీలించవచ్చును' అని రాశారు. ఫైలు నా దగ్గరికి వచ్చింది. అది కనబడకుండా ఉండాలని దాని మీద నా టిఫిన్ డబ్బా పెట్టుకున్నాను. నేను ఆ ఉద్యోగంలో చేసిన ఒకే ఒక్క మంచిపని అది.

రోలర్ కోస్టర్ నడిపే అమ్మాయి పేరు నూకరత్నం. సామర్లకోట పిల్ల. ఐటీఐ చదివింది, కాంట్రాక్టు ఉద్యోగం. ప్లాట్‌ఫాం పక్కన అద్దాల గదిలో మీటల ముందు కూర్చుని, మైకులో "చేతులు లోపల పెట్టుకోండమ్మా, కడ్డీ గట్టిగా పట్టుకోండి, ఆయ్" అంటూ బండి వదిలేది. ఒకరోజు మండపేట నుంచి వచ్చిన ఒక ముసలావిడ, బండి కదలగానే "ఓర్నాయనో, నా కళ్లజోడు! ఆపండ్రా!" అని అరిచింది. నూకరత్నం ఆపేసింది. కళ్లజోడు తీసి ఇచ్చి, మళ్లీ వదిలింది.

మర్నాడు నూకరత్నానికి మెమో వచ్చింది. 'ఆమోదిత జాబితాలో లేని కేకను గుర్తించి, తదనుగుణముగా యంత్రమును నిలిపివేసిన' నేరానికి సంజాయిషీ. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"పెద్దావిడ అరిచిందండి. ఆపాను. అది కూడా తప్పేనాండి?"

"తప్పని కాదమ్మా. జాబితాలో లేదు."

"లేకపోతే వినబడదాండి?"

"వినబడుతుంది. గుర్తించకూడదు."

"అలాగేనండి" అంది. కోపంగా అనలేదు. కాని ఆ 'అలాగేనండి' నాకు నచ్చలేదు. నచ్చకపోయినా, డైరెక్టరుగారు చెప్పినట్టు కొత్త నిబంధన నేనే రాశాను: ఆమోదిత కేక తప్ప మరే కేకనూ సిబ్బంది గుర్తించరాదు. కాలేజీలో పరీక్షల డ్యూటీలు చేసిన అలవాటు కొద్దీ ఇంకో ముక్క కూడా చేర్చాను: సందర్శకుడు మరచిపోయినచో సిబ్బంది అందించరాదు. జాబితా, నిబంధనలు కలిపి పెద్ద అక్షరాలతో నూకరత్నం ఎదురుగా గోడకు అంటించారు.

జనం తగ్గిపోయారు. షెడ్డులో కూర్చుని 'అక్కజము' వల్లించడం కంటే బయట చెరుకురసం తాగడం నయమనుకున్నారు. ఖాళీ బండిని రోజుకోసారి తుప్పు పట్టకుండా తిప్పేవాళ్లు. డైరెక్టరుగారు మండలికి నివేదిక పంపారు: 'ఈ మాసమున ఆంగ్ల కేకలు సంపూర్ణముగా నిర్మూలింపబడినవి.' మండలి పరవశించిపోయింది. అధ్యక్షులు స్వయంగా వచ్చి, బండి ఎక్కి, 'కావుము' అంటామని కబురు చేశారు.

దాంతో మేం ముందుగా ఒకసారి ఎక్కి చూడాల్సి వచ్చింది.

"సాంబమూర్తి గారూ, మీరూ నేనూ ముందు పెట్టెలో కూర్చుందాం. ఇది చారిత్రక ఘట్టం" అన్నారు డైరెక్టరుగారు.

"నాకు కాస్త నడుంనొప్పండి" అన్నాను.

"జాబితా రాసినవారు ఎక్కకపోతే ఎట్లాగండీ?"

వంట రానివాడు రాసిన వంటల పుస్తకంలాంటిది నా జాబితా. పాప్‌కార్న్ బండి గొడుగు కింద కూర్చుని, మెడ పైకెత్తి రాశాను. ఆ మాట చెప్పలేక ఎక్కాను. మిట్టమధ్యాహ్నం. భుజాల మీదుగా కడ్డీ వచ్చి పొట్టకు బిగిసింది. నూకరత్నం అద్దంలోంచి మమ్మల్ని చూసి నమస్కారం పెట్టి, బండి వదిలింది.

గొలుసు తకతకలాడింది. "ఔరా!" అన్నారు డైరెక్టరుగారు స్పష్టంగా, మైకు వైపు తిరిగి. నేనూ అన్నాను. నాది కాస్త ఏడుపులా వచ్చింది. పార్కు చిన్నదైంది. హైవే మీద లారీలు అగ్గిపెట్టెలంత అయ్యాయి. శిఖరానికి ఇంకో బారెడు ఉందనగా ఠక్కుమని శబ్దం వచ్చి బండి ఆగిపోయింది.

గాలి వీస్తే పట్టా ఊగినట్టనిపించింది.

"ఇది ఇలాగే ఆగుతుందా?" అన్నారు డైరెక్టరుగారు.

"నేనెప్పుడూ ఎక్కలేదండి."

ఆయన నా వైపు చూశారు. కిందికి చూశారు. ఆ తర్వాత ఆయన నోట్లోంచి "హెల్ప్! హెల్ప్! గెట్ మీ డౌన్!" అని వచ్చింది.

పెట్టెలో ఉన్న స్పీకరులోంచి నూకరత్నం గొంతు నెమ్మదిగా వినబడింది. "అయ్యగారూ, ఏదో చిన్న వైరు పోయినట్టుందండి. భయం లేదండి. కానీ మీరు అన్నది ఆంగ్లం అండి. గుర్తించకూడదండి."

"ఏయ్ నూకరత్నం! నేను డైరెక్టర్ని! మమ్మల్ని దించు!"

"మీరు తెలుసండి. ఆ కేక జాబితాలో లేదండి."

డైరెక్టరుగారి చెంపల మీద చెమట కారుతోంది. కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నారు. ఇంకోసారి గాలి వీచింది. అంతే, ఇన్నాళ్లూ కట్టుదిట్టంగా ఇస్త్రీ చేసి పెట్టుకున్న ఆయన భాష ఒక్కసారిగా నలిగిపోయింది.

"ఓలమ్మో! ఏటిది నాయనా! నాను సచ్చిపోతన్నాన్రా! గబుక్కున దించీండ్రా బాబూ!"

ఆయన శ్రీకాకుళం వైపు మనిషని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ భయంలోనూ ఆ మాటలు నాకు భలే బాగున్నట్టు తోచింది. అలాంటి మాట ఒక్కటీ నేను జాబితాలో పెట్టలేదు.

"అది మాండలికం అండి" అంది నూకరత్నం.

డైరెక్టరుగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఆపమని అడగడానికి ఏదో రాశారు కదయ్యా! అది చెప్పండి! గబుక్కున చెప్పండి!"

"స్తంభింపజేయ ప్రార్థన!" అని అరిచాను.

"కాదండి."

"నిరోధింప విన్నపము!"

"అదీ కాదండి."

మొదటి చిత్తుప్రతి గుర్తుంది. రెండోది గుర్తుంది. ఏ మాట ఎందుకు కొట్టేశామో, ఏ సూత్రం ప్రకారం కొట్టేశామో గుర్తుంది. ముగ్గురం సంతకాలు పెట్టిన మాట ఒక్కటి మాత్రం ఎంత గోకినా రాలేదు.

"మొదటి అక్షరం చెప్పమ్మా" అని బతిమాలాను.

"అందించకూడదండి. మీరే రాశారండి."

"ఒక తెలుగు పండితుడివి!" అని డైరెక్టరుగారు నా మీద విరుచుకుపడ్డారు. "జీవితమంతా ఇదే పని! నువ్వు రాసిన నాలుగు ముక్కలు నీకు గుర్తులేవు! నీలాంటివాళ్ల వల్లేనయ్యా భాష నాశనమయ్యేది!"

నాలో ఏదో తెగింది. మా నాయనమ్మ పెరట్లో కాకుల్ని, కోడళ్లను, మునిసిపాలిటీని ఒకే ధాటిలో తిట్టే మనిషి. ఆవిడ పోయి చాలా ఏళ్లైంది. ఆవిడ నోరు నాకు వారసత్వంగా వచ్చిందని నాకే తెలియదు.

"ఓరి సంచాలకుడా!" అన్నాను. అంత కోపంలోనూ తలుపు మీద నేను రాయించిన మాటే వచ్చింది. "నీ దుంప తెగా! నీ నోట్లో మన్ను పడా! నీ మూతి మీద మూకుడు బోర్లించా! నీ పెత్తనం పీనుగెత్తా! చేపల చెరువులు చూసుకునేవాడివి, మనుషుల అరుపులతో నీకేం పనిరా! బల్లి మీద పడితే ఏమనాలో కూడా నువ్వే చెబుతావా! నీ కొంప గోదాట్లో కలవా! నీ ఇల్లు బంగారం కానూ!"

ఆయాసం వచ్చి ఆగాను. గాలి కూడా ఆగింది. పక్కనే, పట్టాల వెంట ఉన్న ఇనుప మెట్ల మీదనుంచి ఒక మెకానిక్ తల కనబడింది.

"తిట్టడం అయిపోయాక చెప్పండి సార్" అన్నాడతను మర్యాదగా. "కడ్డీ తీసేస్తాను."

డైరెక్టరుగారు నా మోచెయ్యి వదిలేశారు. గొంతు చిన్నదైపోయింది.

"ఇవన్నీ మనసులో ఉన్నవేనా?"

"అవునండి. ఎప్పటివో" అన్నాను. అబద్ధం ఆడేంత ఓపిక లేదు.

ఆ మెట్లు నేను ఎలా దిగానో చెప్పుకోవడం మర్యాద కాదు. కూర్చుని దిగాను. ఒక్కో మెట్టు మీదా కూర్చుని, మెకానిక్ చొక్కా పట్టుకుని, కళ్లు మూసుకుని. కింద నూకరత్నం మంచినీళ్ల సీసా పట్టుకుని ఎదురొచ్చింది.

"మనుషుల్ని ఎప్పుడు పంపావు?" అని అడిగాను.

"బండి ఆగగానే పంపానండి. ఎక్కడానికి టైం పడద్ది కదండి."

"మరి కేక గుర్తించకూడదుగా?"

"గుర్తించలేదండి. అయ్యగార్లకి భోజనాల వేళ దాటిపోతందని పంపానండి. దానికి రూలు లేదు కదండి" అంది. ఆ అమ్మాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి కాదు. నవ్వి నవ్వి.

ఆ సాయంత్రమే నా రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. పై అధికారిని అన్నేసి మాటలన్నవాడికి కాలేజీలో ఎనిమిది గంటల క్లాసు కూడా ఇవ్వరు. మాణిక్యాంబకు జరిగిందంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "మూతి మీద మూకుడు కూడా అన్నారా?" అని అడిగి, "పోన్లెండి" అంది. ఇద్దరం అన్నం తిన్నాం కాని సహించలేదు. ఇంటి అద్దె, మా అమ్మాయి చదువు రెండూ నా జీతం మీదే ఉన్నాయి.

మేం మరిచిపోయినా మైకులు మరిచిపోలేదు. బండి ఆగిపోయిన సంగతి తెలిసి అధ్యక్షులు రావడం మానుకున్నారు కాని, రికార్డింగు యథావిధిగా మండలికి వెళ్లింది. మండలి యథావిధిగా పరిశీలించింది. డైరెక్టరుగారు నన్ను పిలిచి, మండలి పంపిన లేఖ నా చేతికిచ్చి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

'సదరు యానమున సంచాలకుల వారి కేకలలో ఆంగ్ల పదములు, మాండలిక రూపములు హెచ్చుగా కానవచ్చినవి. ఇది విచారకరము. భాషాధికారి వారి తుది కేకలయందు ఒక్క అన్యభాషా పదమును లేదు. తెలుగు నుడికారమునకు అవి నిలువుటద్దములు. కావున వాటిని సంబోధన సహితముగా ఆమోదిత జాబితాలో చేర్చి, పాత కేకలను రద్దు పరచవలయును.'

"సంబోధన సహితముగా అంటే?" అన్నాను భయంగా.

"ఓరి సంచాలకుడా, అన్నదాంతో సహా" అన్నారాయన.

ఆయన ఊరుకోలేదు. సదరు కేకల అర్థాన్ని కూడా దయచేసి పరిశీలించమని మండలికి రాశారు. 'అర్థము మా పరిధిలోనికి రాదు' అని తిరుగుటపాలో జవాబు వచ్చింది. కొత్త జాబితా మీద ఆయనే సంతకం పెట్టాలి. పచ్చ సిరా కలం తీసుకుని ఒక్కో తిట్టూ చదువుతూ కింద పొట్టి సంతకాలు పెట్టారు. మూకుడు దగ్గర ఆగారు.

"మా యమ్మ ఇలాగే తిట్టీది" అన్నారు. ఈసారి ఆ మాటను దాచుకోలేదు. "మా నాయన్ని."

కొద్దిరోజులకే ఆయన అడిగి మరీ మత్స్యశాఖకు వెళ్లిపోయారు. వెళ్లేరోజు చారిత్రక ఘట్టం అనలేదు. నా చేతులు పట్టుకుని "వస్తానండీ" అన్నారు, అంతే. జేబులోని రాజీనామా నేను తర్వాత చూసుకుంటే, చొక్కాతోపాటు ఉతుక్కుని ముద్దైపోయి ఉంది.

కొత్త కేకలకు శిక్షణ అక్కర్లేకపోయింది. అందరికీ పుట్టుకతోనే వచ్చు. షెడ్డు తీసేసి అక్కడ మరమరాల బండి పెట్టారు. సంగతి ఊళ్లకు పాకింది. కాకినాడ నుంచి బ్యాంకు ఉద్యోగులు, అమలాపురం నుంచి టీచర్లు, మిల్లుల గుమాస్తాలు, మందుల కంపెనీల ప్రతినిధులు ఆదివారం తెల్లారేసరికి క్యూలో ఉండేవాళ్లు. ప్రభుత్వం ముద్ర వేసి అనుమతించిన తిట్టు. పైగా ఎంత గట్టిగా అరిస్తే అంత మంచిది. సంచాలకుడు అన్నచోట ఎవరి మనసులో ఎవరున్నారో ఎవరికీ తెలియదు. తలకిందులై వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుంటూ, తేలికపడి, పిల్లలకు ఐస్‌క్రీములు కొనిపెట్టి ఇళ్లకు వెళ్లేవాళ్లు.

భాషాభివృద్ధికి చేసిన సేవకు గుర్తింపుగా ఆ ఖాళీ అయిన కుర్చీలో ప్రభుత్వం నన్ను కూర్చోబెట్టింది.

సంచాలకుల గది కిటికీ సరిగ్గా ఉక్కు వలయానికి ఎదురుగా ఉంటుంది. కడుపులో చల్ల కదలకుండా సంతకాలు పెట్టుకుంటూ ఉంటానా, బండి దడదడలాడుతూ వచ్చి వలయంలో తిరుగుతుంది. పాతికమంది గొంతులు ఒక్కటై "ఓరి సంచాలకుడా! నీ దుంప తెగా!" అంటాయి. కాస్త ఊపిరి తీసుకునేలోగా ఇంకో బండి. మొదటి రోజు కిటికీ వేసుకున్నాను. తిట్లు ఆగలేదు కాని గాలి ఆగిపోయింది. రెండో రోజు నూకరత్నాన్ని పిలిపించాను. ఇప్పుడామె ఉద్యోగం పర్మనెంటు.

"ఆ మైకుల సౌండు కొంచెం తగ్గించగలవామ్మా?"

"తగ్గిస్తానండి. ఎందుకు తగ్గించాలో రాసి ఇవ్వండి మరి" అంది.

కాగితం తీసుకున్నాను. 'సందర్శకులు నన్ను' అని రాసి, తర్వాత ఏం రాయాలో తోచక ఆపేశాను. ఆమె నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

ఒక ఆదివారం పనుండి ఆఫీసుకు వెళ్లాను. మాణిక్యాంబ కడియంలో అక్కగారింటికి వెళ్తానని పొద్దున్నే బయల్దేరింది. పదకొండు ప్రాంతాల ఒక బండి వలయంలోకి వచ్చింది. జనం గొంతుల్లో ఒక గొంతు విడిగా వినబడింది. కలం పక్కన పెట్టాను. ఆ గొంతు నాకు తెలుసు. దుంప నుంచి గోదావరి దాకా జాబితా అంతా తు.చ. తప్పకుండా అప్పజెప్పింది. ఒత్తులు పలికాయి, దీర్ఘాలు పలికాయి. వలయం దాటి బండి చివరి మలుపు తిరిగేలోపు ఇంకా కాస్త పట్టా మిగిలి ఉంది. ఆ మిగిలిన పట్టా కూడా ఆవిడ వదల్లేదు.

"తడి తువ్వాలు తెచ్చి మంచం మీద పడేసే మొహమా! పెళ్లైనప్పట్నుంచీ ఒక్కనాడు ఆరేసిన పాపాన పోయావట్రా!"

కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను. ముందు పెట్టెలో మా ఆవిడ, పక్కన మా వదినగారు. ఇద్దరి జడలూ గాల్లో ఉన్నాయి. అంత ఎత్తునుంచి వస్తూ కూడా మాణిక్యాంబ కడ్డీ పట్టుకోలేదు. చేతులు రెండూ పైకెత్తింది.

నిబంధన ప్రకారం జాబితాలో లేని కేక వేసినవారి పేరు నేను మండలికి తెలియజేయాలి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఆవిడ నాకంటే ముందే వచ్చి, వంట చేసి, తల దువ్వుకుని కూర్చుంది. మొహం కడిగిన కంచులా ఉంది. ఈ మధ్య అంత కళగా ఎప్పుడూ చూడలేదు.

"మీ అక్కావాళ్లు కులాసాయేనా?" అన్నాను.

"కులాసాయేనండి."

పప్పు వడ్డించింది. నెయ్యి నేను అడగకుండానే వేసింది.

"వచ్చే ఆదివారం కూడా ఒకసారి వెళ్లొస్తానండి, అక్క రమ్మంటోంది" అంది.

"వెళ్లిరా" అన్నాను.

చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్లి, మంచం మీద ఉన్న తడి తువ్వాలు తీసుకుని, పెరట్లోకి వెళ్లి దండెం మీద ఆరేశాను. గాలికి ఎగిరిపోకుండా రెండు క్లిప్పులు కూడా పెట్టాను.